ఆగ్నేయ మూల

పోయిన వారం స్వరాజ్యాన్ని పంజగుట్ట చౌరస్తాలో, మందుల షాపు మెట్ల మీద, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చాం. బేగంపేట హోటళ్ల నుంచి అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దాకా సభ ఎవరిదైనా మైకులు పెట్టేది ఆమే. ఎదుటివాడు ఎంతటివాడైనా మొహం మీదే కడిగేసే మనిషి. అలాంటామెకు మాట రాకపోవడమంటే మామూలు సంగతి కాదు. గొంతు డాక్టరు దగ్గర్నుంచి బయటికొస్తూ హైందవి ఆమెను చూసింది, చూసి తల తిప్పుకుంది. హైందవితో ఒకే గదిలో ఉండే చంద్రిక మాత్రం తిప్పుకోలేదు.

"అక్కా, నువ్వన్న ఒక్క మాట పట్టుకొని దీని నౌకరీ తీసేసిండ్రు. ఇంకా ఏం చూస్తున్నవ్?" అంది.

ఆ ఒక్క మాట ఏమిటో చెప్పుకుందాం. అమీర్‌పేటలో చదువు బట్టలకొట్టు పద్ధతిలో అమ్ముతారు. ముందు ఫ్రీ డెమో. పిల్లలు ఊరికే వచ్చి కూర్చుంటారు, గంటన్నర వింటారు, కిందికి దిగి చాయ్ తాగుతూ ఆ మేడమ్ బాగుందా, పక్క బిల్డింగు సార్ బాగున్నాడా అని తేల్చుకుంటారు. నచ్చితే చేరతారు, లేకపోతే మెట్లు దిగి మరో డెమోకు పోతారు. పాఠం చెప్పేవాళ్ల బతుకు ఆ గంటన్నరలో తేలిపోతుంది. వైజయంతి కంప్యూటర్స్‌లో హైందవి డెమో అంటే ఏళ్ల తరబడి కుర్చీలు చాలేవి కావు. రోజుకు నాలుగు బ్యాచ్‌లకు ఒరాకిల్ చెప్పేది, అదీ చివరి బెంచీ దాకా అరిచి చెప్పేది. అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయి. మెల్లగా మాట్లాడితే సరి, అరిస్తే ఉన్న గొంతు కూడా పోతుందని డాక్టరు చెప్పాక, డైరెక్టర్ చలపతిరావు మూలిగి మూలిగి స్వరాజ్యం చేత తీగ లేని మైకు పెట్టించాడు.

ఆ మైకుతో చేసిన మొదటి డెమోలోనే హైందవి పరువు పోయింది. రెండు మాటలు వినిపిస్తే మూడో మాట తెగిపోయేది. మధ్యమధ్య స్పీకర్లు గుర్రుమనేవి. పిల్లలు మొదట ఓపిక పట్టారు, తరవాత నవ్వారు, ఆ తరవాత లేచారు. స్వరాజ్యం ఆ రోజు బేగంపేటలో ఏదో కంపెనీ మీటింగు ముగించుకుని ఆఖర్న వచ్చింది. హాలు సగం ఖాళీ. హైందవి మైకును అడుగున, తోక దగ్గర, గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉంది. కారిడార్లో చలపతిరావు మేనల్లుడు భార్గవ్ ఏమైందని అడిగితే స్వరాజ్యం ఆలోచించకుండా అనేసింది. "ఆంటెన్నా ఆ తోకలనే ఉంటది. గట్ల పిడికిట్ల మూస్తే మాట ఎట్ల పోతది? మేడమ్‌కు మైకు పట్టుడు రాలే."

అంతే. మర్నాటికల్లా కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన మైత్రీవనం మెట్ల మీద కూడా ఇదే మాట. మైకు ఇచ్చినావిడే చెప్పిందట, హైందవికి గొంతూ లేదు, మైకూ చేతకాదట. ఉద్యోగం పోయింది, పోతే పోయింది, ఇంకొకరు పిలిచి ఇచ్చే వీలు కూడా లేకుండా పోయింది. గొంతు పోయిన ఫ్యాకల్టీని డెమోకు నిలబెట్టేవాడు అమీర్‌పేటలో ఎవడు?

ఇదీ జరిగింది. ఇక స్వరాజ్యం దగ్గరికి వద్దాం.

మందుల షాపు మెట్ల మీద ఆమె ఎంతోసేపు నిలబడలేదు. మొగుడు హనుమాండ్లు ట్రాలీ ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఎక్కి కూర్చుని, "అమీర్‌పేటకు పట్టు" అంది.

"బేగంపేటల సామాను దించాల్నంటివి గదనే?"

"దించుదాం. ముందుగాల నా మొహం మీద నేనే ఉమ్మేసుకొని వస్తా, పట్టు."

హనుమాండ్లు ఇరవయ్యేళ్లుగా ఆమెతో కాపురం చేస్తున్నవాడు. ఇలాంటప్పుడు బండి నడపడం తప్ప వేరే పని పెట్టుకోకూడదని అతనికి తెలుసు.

దారంతా ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది. మైకు తోక మూస్తే మాట తెగుతుంది, అది నిజమే. కానీ అలా తెగితే ఒకటి రెండుసార్లు తెగుతుంది, గంటన్నర సేపు తెగుతుందా? ఆ సంగతి తనకు తట్టలేదెందుకు? తట్టక కాదు. ఒక మేడమ్‌ను తప్పు పట్టే అవకాశం దొరికితే నోరు ఆగలేదు. మైకు మాటను అందుకుని స్పీకర్లకు పంపే రిసీవర్ వైపు కన్నెత్తి చూడనైనా చూడలేదు. ఇన్నేళ్లుగా ఎవరు ఏం చెప్పినా ముందు పోయి సామాను చూసిన మనిషి, ఆ రోజు చూడకుండానే తీర్పు చెప్పేసింది.

వైజయంతి హాలు మూడో అంతస్తులో. నాలుగింటికి మళ్లీ డెమో ఉందట, ఈసారి హైందవి బదులు భార్గవ్‌ది. ఆఫీసు ప్యూను కుర్చీలు వరసలు పెడుతున్నాడు. స్వరాజ్యం ఎవరినీ పలకరించకుండా నేరుగా వేదిక పక్కనున్న బల్ల దగ్గరికి పోయింది. తన రిసీవర్ ఉండాల్సిన చోట వినాయకుడి బొమ్మ ఉంది. బొమ్మ ముందు ప్లాస్టిక్ బంతిపూలు, ఆరిపోయిన అగరొత్తి.

ఆమె కాసేపు ఆ వినాయకుడి వంక చూసింది. తరవాత గోడ వెంట చూసింది. స్పీకర్లలోకి పోయే నల్లవైరు బల్ల దగ్గర మొదలు కావాల్సింది పోయి, గోడ వారన పాక్కుంటూ హాలు దాటి, వెనక కారిడార్ మలుపు తిరిగి, ఒక స్టోరు రూములోకి దూరింది. ఆమె కూడా దాని వెంట దూరింది. పాత కంప్యూటర్ మానిటర్లు, చీపుళ్లు, చిరిగిన బ్యానర్లు. మూల ఇనప బీరువా. వైరు ఆ బీరువా తలుపు సందులోంచి లోపలికి పోయింది. తలుపుకు తాళం.

"ఆంటీ! మీరా? చెప్పకుండా వచ్చేశారేంటి?" భార్గవ్ వెనకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్లో ఐడీ కార్డు.

"నా రిసీవర్ ఈ బీరువల ఉన్నదా?"

"ఆ, ఉంది. మావయ్యగారు వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించారండీ. అడ్మిషన్లు తగ్గుతున్నాయి కదా. ఆయన చూసి, కరెంటు సామాను ఈశాన్యంలో ఉంచారేంటి, ఆగ్నేయంలో ఉండాలన్నారు. ఈశాన్యంలో దేవుణ్ణి పెట్టమన్నారు. ఆగ్నేయమంటే ఈ రూమే. మరి ఇక్కడ ఊరికే పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు కదా, అందుకని బీరువాలో పెట్టి తాళం వేశాం."

"ఎప్పుడు పెట్టిండ్రు?"

"హైందవి మేడమ్ డెమోకు ముందు రోజండీ."

స్వరాజ్యం బీరువా మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

ఆ రిసీవర్‌ను ఆ బల్ల మీద పెట్టడానికి తను పడ్డ పాటు ఆమెకు గుర్తొచ్చింది. అమీర్‌పేటలో తీగ లేని మైకు కొనడమంటే ఎవడికి వాడు చవకలో దొరికిన సెట్టు సంచిలో వేసుకుని రావడమే. అన్నిటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. మూడో అంతస్తులో సార్ మాట్లాడితే రెండో అంతస్తు మేడమ్ స్పీకర్లలోంచి వినపడేది. అందుకని ఆమె పదహారు చానెళ్లున్న సెట్టు తెచ్చింది. చుట్టుపక్కల క్లాసులన్నీ నడిచే వేళ చూసుకుని వచ్చి, మైకు ఆపేసి, రిసీవర్ ఒక్కటే వేసి, ఒక్కో చానెలూ మారుస్తూ సిగ్నల్ లైటును కనిపెట్టుకుని కూర్చుంది. తన మైకు ఆపి ఉన్నా లైటు వెలిగిందంటే అక్కడ ఇంకెవరో ఉన్నట్టు. ఏ లైటూ వెలగని చానెల్ దొరికిందాకా లేవలేదు. అప్పుడు రిసీవర్‌ను బల్ల మీద, దాని రెండు ఆంటెన్నాలూ విప్పి, మైకు పట్టుకున్న మనిషికి అడ్డం లేకుండా కనపడేట్టు పెట్టింది. మైకు పట్టుకుని హాలు నాలుగు మూలలా మాట్లాడుతూ తిరిగింది. ఎక్కడా తెగలేదు.

మైకుకు తీగ లేదు కాబట్టి రిసీవర్ ఎక్కడున్నా ఒకటేనని జనం అనుకుంటారు. అది ఉత్త మాట. మధ్యలో గోడ వస్తేనే మాట నీరసిస్తుంది. రెండు గోడలు, ఒక మలుపు, ఆపైన తాళం వేసిన ఇనప బీరువా! అంత జరిగినా హైందవి మాట అప్పుడప్పుడైనా వినపడిందంటే, ఆ మైకు పుణ్యం, ఆ పిల్ల పట్టుదలా. వినపడక, గొంతు పెంచి, భయంతో మైకును ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టుకోవడం చూసి తను తీర్పు చెప్పింది.

"ఏడున్నడు మీ మామ?" అంది స్వరాజ్యం.

*

చలపతిరావు గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన మాటా అంత చల్లగానే ఉంటుంది. గుడివాడ నుంచి వచ్చి, అద్దె గదిలో రెండు కంప్యూటర్లతో మొదలుపెట్టి మూడంతస్తులు చేసినవాడు. ఎవరినీ తిట్టడు, అమ్మా అనకుండా ఎవరితోనూ మాట్లాడడు. ఆయన చేతిలో ఉద్యోగం పోయినవాళ్లు కూడా ఆ గదిలోంచి బయటికి వచ్చాక మెట్ల మీదే ఆ సంగతి గ్రహించేవాళ్లు.

"రండమ్మా, స్వరాజ్యంగారూ. కూర్చోండి. కాఫీ చెప్పనా?"

"కాఫీ వద్దు సార్. బీరువ తాళం చెవి కావాలె."

ఆయన భార్గవ్ వంక చూశాడు. భార్గవ్ గోడ మీద క్యాలెండర్ వంక చూశాడు.

"ఓ, అదా. వాస్తు ప్రకారం మార్చామమ్మా. అయినా దానికి తీగ లేదు కదా, ఎక్కడుంటే ఏంటి?"

"ఎక్కడుంటే ఏందా? రేడియోను బీరువల పెట్టి తాళమేస్తే పాటలొస్తయా సార్? సెల్ ఫోను బీరువల పెడితే కాల్ వస్తదా? మీ దగ్గర ఇన్ని కంప్యూటర్లున్నయి, ఇంతమంది సార్లున్నరు, ఒక్కలకు సుత తట్టలేదా?"

"తట్టింది" అన్నాడు చలపతిరావు.

స్వరాజ్యం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అబద్ధం ఎందుకమ్మా మీ దగ్గర. డెమో మొదలైన కాసేపటికే నాకు అర్థమైంది. తీసి బయట పెట్టమని భార్గవ్‌తో అనబోయాను. ఆ హాల్లో ఆ మూల ముందు రోజే దేవుణ్ణి పెట్టాం. డెమో మధ్యలో అందరి ముందూ దేవుణ్ణి తీసి మైకుపెట్టె పెడితే ఏం బావుంటుంది? సర్లే, ఈ ఒక్క డెమో గట్టెక్కితే చాలనుకున్నా. గట్టెక్కలేదు."

"తెలిసి సుత ఆ పిల్లను తీసేసిండ్రా?"

"తప్పు ఎవరో ఒకరి మీదికి పోవాలి కదమ్మా. పేరెంట్స్ ఫోన్లు. మీరే దారి చూపించారు. మైకు పట్టుకోవడం రాలేదని అన్నది మీరే కదా?"

స్వరాజ్యం కుర్చీలోంచి లేచింది. ఆమె కోపంలో సగం ఎదుటివాడి మీద, సగం తన మీద. ఎవరి వంతు ఎంతో ఆమెకే తెలియలేదు.

"నేనన్నది తప్పు సార్. చూడకుంట అన్న. నా నోటికి బుద్ధి లేదు. కాని మీకు తెలుసు. తెలిసి ఊకున్నరు. ఆ పిల్ల ఎన్ని బ్యాచ్‌లు చెప్పింది మీకు? గొంతు పోయిందంటే ఎవలి కోసం పోయింది? మీ మూడంతస్తుల కోసం పోలేదా? ఆ గొంతు మీద మీ బీరువ తాళం పడేసి, ఇంక మైకు రాదని ఊరంత చెప్తరా? శరం లేదా సార్?"

భార్గవ్ తలుపు దగ్గరగా వేశాడు. బయట పిల్లలు వస్తున్న చప్పుడు.

"అరవకండమ్మా" అన్నాడు చలపతిరావు, ఏమాత్రం స్వరం మార్చకుండా. "ఇప్పుడు ఏం చేయమంటారు?"

"నాలుగింటికి డెమో ఉన్నది గద. ఇద్దరం పోదాం. ఆ దినం తప్పు మేడమ్‌ది కాదని చెప్పుండ్రి. రిసీవర్ బీరువల పెట్టినమని చెప్పుండ్రి. మేడమ్‌ను మళ్ల తీసుకుంటున్నమని చెప్పుండ్రి. గంతే."

చలపతిరావు నవ్వాడు. "కంప్యూటర్లు నేర్పే చోట, వాస్తు కోసం మైకును బీరువాలో పెట్టామని రెండొందల మంది పిల్లల ముందు చెప్పుకోమంటారా? సాయంత్రానికి అమీర్‌పేటంతా నవ్వుతుంది. ఒక్కడూ చేరడు." ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కానీ మీ బాధ నాకు అర్థమైంది. ఒక పని చేద్దాం. హైందవిని రేపట్నుంచే తీసుకుంటాను. ఆవిడ బ్యాచ్ ఆవిడకే ఇస్తాను. మీరు స్టేజీ ఎక్కి, ఆ రోజు మైకు చెడిపోయింది, తప్పు మా సౌండ్ వాళ్లదని చెప్పండి. మేడమ్ పేరు బాగుపడుతుంది, నా పేరు చెడదు."

"నా పేరు?"

"మీకు ఫంక్షన్లున్నాయి, హోటళ్లున్నాయి. హైందవికి ఏముందమ్మా?"

ఎంత తీరుబడిగా కోశాడు! స్వరాజ్యానికి ఆ క్షణంలో ఆయన్ని మెడ పట్టుకుని ఆ బీరువాలోనే పెట్టి తాళం వేయాలనిపించింది. అమీర్‌పేటలో ఇరవై ఇన్‌స్టిట్యూట్లు ఆమె మైకుల మీద నడుస్తున్నాయి. తన మైకు చెడ్డదని తన నోటితో చెబితే రేపు ఎన్ని ఉంటాయి? కొత్త సామాను తెచ్చుకుంది, హనుమాండ్లు కొత్త బండి తెచ్చాడు, అవన్నీ ఈ పేరు మీద తెచ్చినవే.

కానీ మందుల షాపు మెట్ల మీద హైందవి తల తిప్పుకున్న తీరు ఆమె కళ్ల ముందు కదిలింది. కోపంతో తిప్పుకోలేదు ఆ పిల్ల. ఏదన్నా అనడానికి గొంతు లేక తిప్పుకుంది. తన మాట పోయి ఒకరి బతుకు మీద పడింది. దాన్ని మళ్లీ తన మాటతోనే తియ్యాలి, వేరే దారి కనపడలేదు.

"చెప్తా" అంది. "కాని ముందుగాల నా రిసీవర్ బీరువలకెళ్లి బయటికి తీయాలె. బల్ల మీద పెట్టాలె. గా వినాయకుని పక్కనన్న పెట్టుండ్రి, నాకు ఫికర్ లేదు. దాన్ని లోపల పెట్టి మాత్రం నేను మైకు ముట్ట."

"ఒక్క అరగంటకే కదా. సిద్ధాంతిగారు ఈ పూట ఎర్రగడ్డ వెళ్లారు. ఫర్వాలేదు" అన్నాడు చలపతిరావు.

ఆమె బయటికొచ్చి చంద్రికకు ఫోన్ చేసింది. "హైందవి మేడమ్‌ను వైజయంతికి తీసుకొని రా. నాలుగింటికి. ఆమె ఏం మాట్లాడొద్దు, ఊకె కూసొని ఇంటే చాలు. అడగకు బిడ్డా, తీసుకొని రా."

*

నాలుగింటికి హాలు నిండిపోయింది. జీన్సులు, చుడీదార్లు, చేతుల్లో ఫైళ్లు, సెల్ ఫోన్లు. అరకు నుంచి అనకాపల్లి దాకా, జనగామ నుంచి జడ్చర్ల దాకా, ఉద్యోగం ఒక్కటే కోరుకుని బస్సెక్కి వచ్చిన పిల్లలు. ఆ రోజు హైందవిని చూసి నవ్వినవాళ్లలో చాలామంది ఉన్నారు. స్వరాజ్యం బల్ల మీద రిసీవర్ సర్దింది, ఆంటెన్నాలు విప్పింది, మైకులో కొత్త బ్యాటరీలు వేసింది. చానెల్ ఖాళీగానే ఉంది. సిగ్నల్ లైటు మైకు వేయగానే వెలిగి నిలబడింది. బీరువాలో పడిన కష్టమంతా మర్చిపోయినట్టు బుద్ధిగా పనిచేస్తోంది.

ఆఖరి వరసలో తలుపు పక్క చంద్రిక కనపడింది. ఆమె పక్కన హైందవి, మెడ చుట్టూ చున్నీ బిగించుకుని.

చలపతిరావు ఆమెను వేదిక మీదికి పిలిచాడు. స్వరాజ్యం మైకు నడుము దగ్గర పట్టుకుని, వేళ్లు తోకకు తగలకుండా చూసుకుని, నోరు తెరిచింది.

"నా పేరు స్వరాజ్యం. పంజగుట్టల నాది సౌండ్ షాపు. మొన్న ఈడ హైందవి మేడమ్ డెమోల మాట తెగింది. మీరంత నవ్విండ్రు. ఆమెకు మైకు పట్టుడు రాదని నేనే అన్న. అది తప్పు. ఆమె తప్పు ఏం లేదు. తప్పు నా మైకుది. నా సామాను మంచిగ లేకుండె."

మాట మాటా గంట కొట్టినట్టు ఆఖరి గోడ దాకా పోయింది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా గుర్రుమనలేదు. మధ్య వరసలోంచి ఒకడు అరిచాడు.

"మైకు మస్తు చేస్తున్నది గదక్కా!"

హాలంతా నవ్వింది. స్వరాజ్యానికి మొహం మండిపోయింది. తన చేతుల్తో సర్ది పెట్టిన సామాను ఇంత చక్కగా పనిచేస్తుంటే, దానిలోంచే దాన్ని తిట్టాల్సి వచ్చింది. ఏడవాలనిపించింది. ఏడవలేదు.

"గది ఇప్పుడు బాగుచేసిన. ఆ దినం బాగ లేకుండె" అని మైకు చలపతిరావు చేతిలో పెట్టేసింది. పెట్టి పక్కకు జరిగి, ఆయన చెప్పబోయే మాట కోసం నిలబడింది. ఆ మాట కోసమే కదా ఇదంతా.

చలపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"చూశారా, ఎంత నిజాయితీగా చెప్పారో! మన హైందవి మేడమ్ తప్పేమీ లేదు. ఆవిడ మన కుటుంబంలో మనిషి. ఆవిడ ఆరోగ్యం మనకు ముఖ్యం. అందుకని మేనేజ్‌మెంట్ తరఫున ఆవిడకు పూర్తి విశ్రాంతి ఇస్తున్నాం. గొంతు పూర్తిగా కుదుటపడే వరకు ఒరాకిల్ బ్యాచ్‌లన్నీ భార్గవ్ సార్ చూస్తారు. ఇక మైకుల గురించి మీకు బెంగ అక్కర్లేదు. వేరే కంపెనీ వాళ్లను మాట్లాడాం."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకూ తెలియదు, డెమోల్లో కొట్టడం అలవాటు. భార్గవ్ లేచి నమస్కారం పెట్టాడు.

"సార్!" అంది స్వరాజ్యం. "గిదేంది? మీరు చెప్పిందేంది?"

ఆయన మైకును దూరంగా జరిపి, నవ్వు చెదరనీయకుండా అన్నాడు. "గొంతు బాగయ్యాక తప్పకుండా చూద్దామమ్మా. ముందు మీరు మీ సామాను చూసుకోండి. పాడైపోయిందని మీరే చెప్పారు కదా."

మోసపోయింది. రెండోసారి. మొదటిసారి తన మాట తనకు తెలియకుండా వాడుకున్నాడు, ఈసారి తన చేతే వేదిక ఎక్కించి చెప్పించుకున్నాడు. తన పేరూ పోయింది, హైందవి పనీ పోయింది, వినాయకుడు ఈశాన్యంలో చల్లగా ఉన్నాడు. ఇప్పుడు నిజం చెబుతానని నోరు తెరిస్తే ఎవరు నమ్ముతారు? మాట మార్చే మనిషి అంటారు.

అప్పుడు వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

హైందవి లేచి నిలబడింది. చంద్రిక చెయ్యి పట్టుకుని లాగింది, విదిలించుకుంది. నోరు తెరవగానే గాలి వచ్చింది కాని మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి వచ్చింది. బొంగురుగా, చిన్నగా, మైకు లేకుండా. పక్క వరస వాళ్లు ఉష్ అన్నారు, వాళ్ల ముందు వరస వాళ్లు ఉష్ అన్నారు. చప్పట్లు కొట్టిన హాలు ఆ చిన్న గొంతు కోసం అణిగిపోయింది.

"స్వరాజ్యంగారూ... మీరు చెప్పింది అబద్ధం."

స్వరాజ్యం వేదిక అంచు దాకా వచ్చింది.

"మీ మైకు మంచిదే. ఆ రోజు పొద్దున బల్ల మీద పెట్టె లేదు. నేను చూశాను. ఎక్కడుందని అడిగాను. ఉద్యోగం పోతుందని... ఊరుకున్నాను. నేను అడిగింది..."

అక్కడితో పోయింది. పెదవులు కదులుతున్నాయి, మెడ నరాలు బిగిశాయి, చప్పుడు లేదు. స్వరాజ్యం చలపతిరావు చేతిలోంచి మైకు లాక్కుని వరసల మధ్య నుంచి పరుగెత్తింది. హైందవి నోటి దగ్గర పెట్టింది. సిగ్నల్ లైటు చక్కగా వెలుగుతోంది. స్పీకర్లలోంచి ఊపిరి ఒక్కటే వినపడింది, హాలంతా.

"వద్దు బిడ్డా, మాట్లాడకు" అంది స్వరాజ్యం. ఇప్పుడు నిజంగానే ఏడుస్తోంది.

హైందవి మైకును మెల్లగా పక్కకు నెట్టింది. వరసల మధ్య నడుచుకుంటూ వేదిక దాకా వచ్చింది, మెట్టు ఎక్కింది. భార్గవ్ డెమో కోసం బోర్డు మీద రాసి ఉంచిన పేరును అరచేత్తో తుడిచేసింది. మార్కర్ తీసుకుంది. ఏ పాఠమైనా ఆమె మొదట పైన శీర్షిక రాసి, కింద గీత గీసి, అప్పుడు మొదలుపెట్టేది. ఇప్పుడూ అలాగే రాసింది. గుండ్రటి అక్షరాలు, ఆఖరి వరసకు కనపడేంత పెద్దవి.

చలపతిరావు.

కింద గీత గీసింది.

"ఏంటమ్మా ఇది? భార్గవ్, ఆ బోర్డు తుడువు" అన్నాడు చలపతిరావు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

భార్గవ్ డస్టర్ కోసం బల్ల మీద చెయ్యి చాచాడు. మొదటి వరసలో కూర్చున్న ఒక అమ్మాయి అతనికన్నా ముందు లేచి, ఆ డస్టర్ తీసుకుని తన సంచిలో వేసుకుని, మళ్లీ కూర్చుని నోట్సు తెరిచింది. ఆమె వెనక వరసలో కూడా ఒక్కొక్కరే నోట్సు తెరుస్తున్నారు. హైందవి గీత కింద మొదటి వాక్యం రాయడం మొదలుపెట్టింది.